బయటి యాప్‌లు వేసుకోవచ్చు, తలుపులన్నీ తెరిచి పెట్టొద్దు

మా మావయ్య స్మార్ట్‌ఫోన్‌ని పిల్లలు బీరువాలో పెట్టి తాళం వేశారు. చేతికి బటన్ ఫోన్ ఇచ్చారు. విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి, పొద్దున్నే పేపర్లో మంచి సంగతి ఏదైనా కనిపిస్తే దాన్ని ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టాకే కాఫీ తాగే మనిషి, ఆ తర్వాత పదిహేను రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. డబ్బు పోయినందుకు కాదు. "ఇక నీకు ఇది చేతకాదు" అని ఇంట్లోవాళ్లు నోటితో అనకుండానే అన్నందుకు.

జరిగింది మీలో చాలామంది విన్న కథే. బండికి చలానా పడిందని వాట్సాప్‌లో మెసేజ్, పైన ప్రభుత్వ ముద్ర లాంటి బొమ్మ, కింద ఒక ఫైలు. బండి నంబరు కరెక్టుగా ఉంది. రెండు రోజుల కిందటే ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర సిగ్నల్ దాటేశానేమో అన్న అనుమానం ఆయనకే ఉంది, అందుకే వెంటనే నొక్కేశారు. రాత్రికి రెండు దఫాలుగా 38 వేలు పోయాయి. మర్నాడు పొద్దున్న సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు 1930కి ఫోన్ చేస్తే కొంత డబ్బు వేరే ఖాతాలో ఆగింది, మిగతాది పోయినట్టే.

నేను ఆ ఫోన్ బీరువాలోంచి తీయించి, గాజువాకలో వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర ఆయన పక్కనే కూర్చుని, మొత్తం సరిచేసి మళ్లీ ఆయన చేతికే ఇచ్చాను. ఆ రోజు ఏమేం చేశానో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌కీ పనికొస్తుంది, మీ ఫోన్‌కీ పనికొస్తుంది. ఇదంతా ఆండ్రాయిడ్ గురించే. ఐఫోన్‌లో యాప్ స్టోర్ బయటినుంచి యాప్ వేసుకునే సులువైన దారి మన దేశంలో లేదు కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

"ఏపీకే అంటేనే వద్దు" అంటే సరిపోదా?

సరిపోదు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ని దించే ఫైలు, మావయ్యకి వచ్చింది అదే. మా చెల్లెలు పనిచేసే ఆఫీసులో సర్వే యాప్ కొత్త వెర్షన్ వచ్చిందంటే స్టాఫ్ గ్రూపులో ఏపీకే ఫైలే పెడతారు, మధ్యాహ్నం లోపు వేసుకుని పని మొదలుపెట్టాలి, లేకపోతే ఆ రోజు పని లెక్కలోకి రాదు. అంటే పై అధికారి పంపే అసలు యాప్, దొంగ పంపే నకిలీ యాప్ ఒకే దారిలో, ఒకే రూపంలో వస్తున్నాయి. ఆమెకి "ఏపీకే ముట్టుకోకు" అని చెప్తే ఉద్యోగం ఎలా చేస్తుంది? షాపులో సీసీ కెమెరాలు బిగించినవాళ్లు కూడా యాప్ ఒక్కోసారి అలాగే ఇచ్చిపోతారు. మధురవాడ వైపు కాలేజీల్లో చదివే పిల్లలు సొంతంగా రాసిన యాప్‌ని ఫ్రెండ్స్‌కి ఇచ్చి చూపించాలంటే అదే దారి. నేనైతే ఎఫ్‌-డ్రాయిడ్ అనే స్టోర్ నుంచి కొన్ని వేసుకుంటాను. 2010 నుంచి నడుస్తోంది, అందులో ఉండేవన్నీ సోర్స్ కోడ్ అందరికీ కనిపించే ఉచిత యాప్‌లు. కొనుక్కున్న ఫోన్‌లో ఏం వేసుకోవాలో నేనే నిర్ణయించుకోవాలని గట్టిగా నమ్ముతాను. మన కాంపిటీషన్ కమిషన్ కూడా 2022 అక్టోబరులో గూగుల్ మీద ఇచ్చిన ఆదేశంలో, డెవలపర్లు తమ యాప్‌లను ఇలా నేరుగా అందించడాన్ని అడ్డుకోకూడదని చెప్పింది, కానీ 2023 మార్చిలో అప్పీల్ ట్రిబ్యునల్ ఆ ఒక్క షరతును కొట్టేసింది.

కాబట్టి ఆ హక్కు ఉండాలి. కానీ అది ఫోన్ ఎవరిదో వాళ్ల చేతిలో ఉండాలి, ఫోన్ చేసి తొందరపెట్టేవాడి చేతిలో కాదు. నేను చేసిన ప్రతి మార్పూ ఈ ఒక్క తేడా కోసమే.

ముందు తెరిచి ఉన్న తలుపులు లెక్కపెట్టండి

పాత ఫోన్లలో "అన్‌నోన్ సోర్సెస్" అని ఒకటే స్విచ్ ఉండేది. అది వేశామంటే ఎక్కడినుంచి వచ్చిన యాప్ అయినా దిగేది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి పద్ధతి మారింది, ఒక్కో యాప్‌కి ఒక్కో స్విచ్. అంటే "క్రోమ్ నుంచి వచ్చే యాప్‌లకి ఒప్పుకుంటాను, వాట్సాప్ నుంచి వచ్చేవాటికి ఒప్పుకోను" అని విడివిడిగా పెట్టుకోవచ్చు. మంచి ఏర్పాటే, కానీ ఒకసారి వేసిన స్విచ్ దానంతటది ఆగదు. ఎప్పుడో ఒక అవసరానికి ఆన్ చేస్తాం, మర్చిపోతాం, అది అలాగే ఉండిపోతుంది.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్". కంపెనీని బట్టి ఈ పేర్లు, చోట్లు కొంచెం మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతికే పెట్టెలో "అన్‌నోన్" అని కొట్టండి, వచ్చేస్తుంది. మావయ్య ఫోన్‌లో చూస్తే వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్, ఫైళ్లు పంపుకునే పాత యాప్ ఒకటి, నాలుగూ ఆన్‌లో ఉన్నాయి. వాట్సాప్‌ది మోసం జరిగిన రోజే ఆన్ అయింది. మిగతా మూడు ఎవరు ఎప్పుడు వేశారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఫైలు నొక్కిన రోజు తెర మీద ఏం వచ్చిందో మావయ్యని గుర్తు చేసుకోమన్నాను. ఫైలు నొక్కగానే, మీ భద్రత కోసం ఇక్కడినుంచి యాప్‌లు వేయనివ్వడం లేదు అని ఫోన్ చెప్పింది. కింద రెండు మాటలు, ఒకటి క్యాన్సిల్, ఒకటి సెట్టింగ్స్. "క్యాన్సిల్ అంటే చలానా క్యాన్సిల్ అవుతుందా, డబ్బు కట్టడం క్యాన్సిల్ అవుతుందా అని అర్థం కాలేదురా, అందుకే రెండోది నొక్కాను" అన్నారు. ఈ మాట విన్నాక ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ హెచ్చరించింది నిజమే, కానీ చలానా టెన్షన్‌లో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి అర్థమయ్యే మాటల్లో హెచ్చరించలేదు.

ఆ నాలుగూ ఆపేశాం, ఆయన వేలితోనే. మీరు కూడా పెద్దవాళ్ల ఫోన్ లాక్కుని గబగబా చేసెయ్యకండి, వాళ్ల చేత్తోనే చేయించండి. రేపు ఎవడైనా ఫోన్ చేసి "సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇది ఆన్ చెయ్యండి" అంటే, అరే ఇది మనం ఆపిన స్విచ్ కదా అని చేతికి గుర్తొస్తుంది.

కొత్త శాంసంగ్ ఫోన్ అయితే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో "ఆటో బ్లాకర్" అని ఉంటుంది. బయటి యాప్‌లు అసలు అవసరం లేనివాళ్లకి అది ఆన్ చేసి వదిలెయ్యండి. అవసరం పడ్డ రోజు తీసుకోవచ్చు.

తర్వాత ప్లే ప్రొటెక్ట్, అంటే ఫోన్‌లోని యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ కాపలా. ప్లే స్టోర్ తెరిచి పైన ఉన్న మీ ఫొటో నొక్కితే కనిపిస్తుంది, దాని లోపల గేరు గుర్తు నొక్కి రెండు స్విచ్‌లూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. బ్రౌజర్ నుంచో, మెసేజింగ్ యాప్ నుంచో, ఫైల్ మేనేజర్ నుంచో వచ్చిన యాప్ గనక ఎసెమ్మెస్‌లు చదివే పర్మిషన్ లాంటివి అడిగేలా ఉంటే దాన్ని దిగకుండానే ఆపేసే ఏర్పాటును గూగుల్ 2024లో మన దేశానికి కూడా తెచ్చింది. దొంగలకి ఈ సంగతి తెలుసు. అందుకే "ముందు ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చెయ్యండి సార్, లేకపోతే ఫామ్ ఓపెన్ కాదు" అంటారు. ఆ మాట ఎవరి నోటినుంచి వచ్చినా ఫోన్ పెట్టెయ్యండి. కాల్ మాట్లాడుతూ ఉండగా ప్లే ప్రొటెక్ట్ ఆపనివ్వని పద్ధతి కూడా 2025లో ప్రకటించారు, కానీ మీ ఫోన్‌కి అది వచ్చిందో లేదో అన్న దాని మీద ఆధారపడకండి.

అసలు ప్రమాదం పర్మిషన్లలో ఉంది

యాప్ ఫోన్‌లోకి దిగినంత మాత్రాన డబ్బు పోదు. ఎక్కువగా దానికి మనం ఇచ్చే మూడు పర్మిషన్లతో పోతుంది. ఇది బాగా అర్థం చేసుకుంటే మిగతావన్నీ వాటంతటవే తెలుస్తాయి.

మొదటిది ఎసెమ్మెస్. ఇది ఇచ్చామంటే మనకి వచ్చే ఓటీపీ అదే క్షణంలో ఎక్కడో ఉన్న దొంగకి చేరుతుంది. రెండోది నోటిఫికేషన్ యాక్సెస్. ఎసెమ్మెస్ పర్మిషన్ లేకపోయినా, పైన నోటిఫికేషన్‌లో కనిపించే ఓటీపీని ఇది చదివేస్తుంది. మూడోది, అన్నిటికంటే చెడ్డది, యాక్సెసిబిలిటీ. చూపు సరిగ్గా లేనివాళ్లకి, చేతులు సరిగ్గా పనిచెయ్యనివాళ్లకి సాయంగా పెట్టిన సౌకర్యం అది. తెర మీద ఏముందో చదవగలదు, మన బదులు తానే నొక్కగలదు. అది దొంగ యాప్ చేతిలో పడితే ఫోన్ మన చేతిలో ఉన్నా లేనట్టే.

ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక మంచి పని చేశారు. ఇలా బయటినుంచి దిగిన యాప్‌కి యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్ ఇవ్వబోతే "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అని చెప్పి ఆపుతుంది. అయినా ఇవ్వాలంటే ఆ యాప్ వివరాల పేజీలోకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, విడిగా ఒప్పుకోవాలి. ఏ చలానాకీ, ఏ కరెంటు బిల్లుకీ, ఏ పెన్షన్‌కీ ఈ మూడు చుక్కలతో పని లేదు. మావయ్యకి ఇది బాగా ఎక్కింది.

ఇప్పుడు మీ ఫోన్‌లో చూడండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్, అందులో ఎసెమ్మెస్. ఆ జాబితాలో మీకు తెలియని పేరు ఉంటే తీసెయ్యండి. అలాగే యాక్సెసిబిలిటీలో డౌన్‌లోడెడ్ యాప్స్, స్పెషల్ యాక్సెస్‌లో నోటిఫికేషన్ యాక్సెస్, డివైస్ అడ్మిన్ యాప్స్ (ఫోన్ మీద అదనపు అధికారం ఇచ్చిన యాప్‌లు). ఈ నాలుగు జాబితాలు చూడటానికి పది నిమిషాలు పట్టదు. మావయ్య ఫోన్‌లో ఆ చలానా యాప్ బొమ్మ తెర మీద ఎక్కడా లేదు, అది తన గుర్తును దాచేసుకుంది. ఎసెమ్మెస్ జాబితాలో మాత్రం దొరికిపోయింది.

ప్లే స్టోర్‌లో ఉన్నదంతా భద్రమే అని కూడా అనుకోవద్దు. మన స్క్రీన్ అవతలివాడికి చూపించే యాప్‌లు ప్లే స్టోర్‌లోనే దొరుకుతాయి, ఆఫీసుల్లో వాటి అవసరం నిజంగానే ఉంది. కానీ బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసినవాడు అలాంటిది వేసుకోమంటే అది దొంగతనానికే. అప్పులిచ్చే యాప్‌ల సంగతీ అంతే, కాంటాక్టులు, ఫొటోలు అడిగిందంటే వద్దనుకోండి.

మీరే బయటి యాప్ వేసుకోవాలంటే

మొట్టమొదట చూడాల్సింది అది యాప్‌గా రావాల్సిన వస్తువేనా అని. చలానా కాగితం. బిల్లు కాగితం. పెళ్లి శుభలేఖ కాగితం. కాగితం ఫొటోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది, దాన్ని చూడటానికి ఫోన్‌లో ఏమీ వేసుకోనక్కర్లేదు. ఫైలు పేరు చివర ఏపీకే అని మూడక్షరాలు ఉన్నాయంటే, బొమ్మ ఏదైనా, పంపింది సొంత అన్నయ్యే అయినా, అది కాగితం కాదు. అన్నయ్య ఫోన్ దొంగ యాప్ చేతిలో పడి అదే పంపిస్తూ ఉండవచ్చు.

చలానా ఉందో లేదో తెలుసుకోవాలంటే వచ్చిన లింకు నొక్కకుండా, ప్రభుత్వ ఈ-చలాన్ సైట్‌ని మీరే బ్రౌజర్‌లో తెరిచి బండి నంబరు కొట్టి చూసుకోండి. రాత్రి 9.30కి కరెంటు కట్ చేస్తామని మెసేజ్ వస్తే మా వైపు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ల 1912కి ఫోన్ చేసి అడగండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకి మాత్రం చెయ్యొద్దు.

నిజంగా అవసరమైన యాప్ అయితే, ముందు ప్లే స్టోర్‌లో ఉందేమో చూడండి. లేకపోతే దాన్ని తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచో, ఎఫ్‌-డ్రాయిడ్ లాంటి చోటినుంచో తీసుకోండి. డబ్బు పెట్టి కొనాల్సిన యాప్‌ని ఉచితంగా ఇస్తామనే సైట్ల వైపు వెళ్లకండి. ఆ ఒక్క యాప్ కోసం ఒక్క స్విచ్ ఆన్ చేసి, దిగాక వెంటనే ఆపెయ్యండి. తలుపు తీసి, మనిషిని లోపలికి రానిచ్చి, మళ్లీ గడియ వేసినట్టు. నేను బ్రౌజర్‌కి కూడా శాశ్వతంగా ఇవ్వను, ఎఫ్‌-డ్రాయిడ్ ఒక్కదానికే ఉంచుకున్నాను.

కొత్త వెర్షన్ వేసేటప్పుడు "ఉన్న యాప్‌తో పొసగడం లేదు, ఇన్‌స్టాల్ కాలేదు" అన్న అర్థంలో ఏదైనా వస్తే ఆగండి. ప్రతి యాప్‌కీ తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది, పాతదాని మీద కొత్తది ఎక్కాలంటే రెండు సంతకాలూ ఒకటే అయి ఉండాలి. అవి కలవలేదంటే ఇది వేరే ఎవరో చేసిన ఫైలు అయి ఉండొచ్చు. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, పాతది తీసేసి కొత్తది వేసుకుంటారు, అంటే కాపలావాడిని మనమే ఇంటికి పంపేస్తున్నామన్నమాట. పంపినవాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నాకే ఏదైనా చెయ్యండి.

మా చెల్లెలికి ఇదే చెప్పాను. గ్రూపులో ఫైలు పడగానే వేసుకోకుండా, పంపిన అధికారికి ఒక్క కాల్. మొదట్లో మొహమాటపడింది, సార్ ఏమనుకుంటారో అని. ఇప్పుడు వాళ్ల బ్యాచ్‌లో ఒక్కళ్లు కాల్ చేసి కనుక్కుని మిగతావాళ్లకి చెప్తున్నారు.

డబ్బు విషయంలో ఇంకో పని చేశాం. పెన్షన్ పడే ఖాతా నుంచి యూపీఐ తీసేసి, నెలకి సరిపడా డబ్బు మాత్రం ఉండే వేరే ఖాతాకి కలిపాం. రైతుబజారులో కూరగాయలకీ, ఆటోకీ, మందులకీ అది చాలు. ఇన్ని జాగ్రత్తలూ దాటి ఏదైనా జరిగినా పోయేది అంతవరకే.

గూగుల్ తెస్తున్న కొత్త పద్ధతి

డెవలపర్ తన పేరు, వివరాలు గూగుల్ దగ్గర నమోదు చేసుకుంటేనే అతని యాప్ మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో దిగేలా చేస్తామని 2025 ఆగస్టులో ప్రకటించారు. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలై, 2027 నుంచి మిగతా దేశాలకి అన్నారు. ఎఫ్‌-డ్రాయిడ్ వాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. ఆ తర్వాత నవంబరులో, అనుభవం ఉన్నవాళ్లు రిస్కు తెలిసి వేసుకునే దారి ఒకటి ఉంచుతామని గూగుల్ చెప్పింది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రోజుకో దొంగ పేరుతో యాప్ వదిలేవాళ్లకి ఇది కొంత అడ్డు పడుతుంది, అది మంచిదే. కానీ ఏ యాప్ ఉండాలో తేల్చే చివరి మాట ఒక్క కంపెనీదే కాకూడదు, పేరు చెప్పడం ఇష్టం లేని నిజాయితీపరులు కూడా ఉంటారు. ఆ దారి నిజంగా తెరిచి ఉంటుందా అన్నది గమనిస్తూ ఉండాలి. మావయ్యకి జరిగింది చూశాక కూడా నేను ఈ మాటే అంటున్నాను.

అప్పటికే నొక్కేసి ఉంటే

ముందు ఏరోప్లేన్ మోడ్ వెయ్యండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. దాంతో కొత్త ఓటీపీలు అవతలికి వెళ్లడం ఆగుతుంది. పక్కవాళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకి, ఆ వెంటనే 1930కి. రెండిటి మధ్య టీ తాగేంత టైం కూడా తీసుకోవద్దు, ఎందుకంటే డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకుతూ ఉంటుంది, ఎంత తొందరగా చెప్తే అంత ఆగుతుంది. బ్యాంకుకి ఎన్నింటికి చెప్పారో, ఫిర్యాదు నంబరు ఎంతో రాసుకోండి. 2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన నిబంధనల ప్రకారం, మన పొరపాటు వల్లే పోయినా సరే, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయిన డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి.

ఆ తర్వాతే ఫోన్ సంగతి. మెసేజ్, పంపిన నంబరు, యాప్ పేరు అన్నిటినీ వేరే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. డివైస్ అడ్మిన్‌లో ఆ యాప్ ఉంటే ముందు అక్కడ తీసేస్తేగానీ అన్‌ఇన్‌స్టాల్ కాదు. మొండికేస్తే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి) ఆన్ చేసి తీయండి. నేనైతే ఫొటోలు, కాంటాక్టులు మాత్రం కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసేశాను, దాంతో మనసుకి నిమ్మళం. కాల్ ఫార్వర్డింగ్ ఏమైనా పెట్టారేమో *#21# కొట్టి చూడండి, ఉంటే ##002# తీసేస్తుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి తొలగించండి. యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చండి, ఫోన్ శుభ్రం చెయ్యకముందు కాదు, చేశాకే.

రీసెట్ చేసే ముందు మావయ్య వాట్సాప్ తెరిచి చూస్తే అదే చలానా ఫైలు ఆయన పేరుతో రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపులోకి కూడా వెళ్లిపోయి ఉంది. ఆయన ముఖం మాడిపోయింది. "నేను పంపలేదురా" అన్నారు. తెలుసు మావయ్యా అన్నాను. ఫోన్ శుభ్రమయ్యాక మొదట చేసిన పని, ఆ గ్రూపులో తన గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టడం: "నా పేరు మీద వచ్చిన చలానా ఫైలు ఎవరూ నొక్కకండి, నేను నొక్కి నష్టపోయాను." గంటలో ముగ్గురు ఫోన్ చేశారు. అందులో ఒకాయన అప్పటికే నొక్కేసి, యాప్ ఏమీ కనిపించకపోతే ఊరుకున్నాడట. ఏరోప్లేన్ మోడ్ ఎక్కడ ఉంటుందో, ఆ తర్వాత ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో, ఎసెమ్మెస్ జాబితా ఎలా తెరవాలో మావయ్యే ఆయనకి అరగంటసేపు చెప్పారు. నేను పక్కన కూర్చుని విన్నాను, ఒక్క అడుగు కూడా తప్పు చెప్పలేదు.